కుక్కను ఒక్కసారైనా పిల్లలు పెట్టనిచ్చాకే ఆపరేషన్ చేయించాలా?

ఏలూరు నుంచి అడిగారు మీరు. ఇంట్లో ఎనిమిది నెలల ఆడ లాబ్రడార్ ఉంది, ఇంకా హీట్‌కి, అంటే ఎదకు, రాలేదు. వీధిలో దొరికితే తెచ్చి పెంచుకుంటున్న మగ పిల్లికి ఐదు నెలలు. కుక్కకు వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయమని ఒక డాక్టరు, ఏడాది దాటాక చూద్దామని ఇంకో డాక్టరు చెప్పారు. ఒక్కసారైనా పిల్లలు పెట్టనివ్వకపోతే ఆ నోరులేని జీవి ఉసురు తగులుతుందని మీ అత్తగారి బాధ. లావెక్కిపోతుందేమో, కాపలా కాయడం మానేస్తుందేమో అని మీ వారి టెన్షన్.

ముందు సూటిగా చెప్పేస్తాను. రెండింటికీ చేయించండి. పిల్లికి ఈ నెలలోనే. కుక్కకు మొదటి హీట్ వచ్చి వెళ్లాక, మరో రెండున్నర మూడు నెలలు ఆగి. పిల్లలు పెట్టేదాకా మాత్రం ఆగొద్దు.

నేను పశువైద్యుణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో అంతా గేదెలు, ఆవులే. తర్వాత కుక్కలు, పిల్లుల వైపు వచ్చి చాలా ఏళ్లయింది. ఈ ఆపరేషన్ నా బల్ల మీద రోజూ ఉండే పనే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మీకు చెప్పిన డాక్టర్లిద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఆర్నెల్లకే చేసేయాలన్నది చాలాకాలంగా ఉన్న పద్ధతి. దాని వెనక బలమైన కారణమే ఉంది. 1969లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం రొమ్ము గడ్డల మీద లెక్క తేల్చింది. అసలు ఆపరేషనే కాని ఆడకుక్కకు ఉండే ముప్పును 100 అనుకుంటే, మొదటి హీట్‌కి ముందే చేసిన కుక్కకు అది 0.5. ఒక హీట్ అయ్యాక చేస్తే 8. రెండో హీట్ కూడా దాటాక చేస్తే 26. 2012లో ఇలాంటి అధ్యయనాలన్నిటినీ ఒకచోట పెట్టి పరిశీలించినవాళ్లు, ఈ అంకెలను మరీ అంత గట్టిగా నమ్మడానికి ఆధారాలు చాలవన్నారు. అయినా ముందే చేస్తే రొమ్ము గడ్డలు తగ్గుతాయన్నది నా అనుభవంలోనూ కనిపించేదే. చన్నుల దగ్గర నిమ్మకాయంత గడ్డతో నా దగ్గరికి వచ్చే పెద్ద వయసు కుక్కలు దాదాపు అన్నీ ఆపరేషన్ కానివే.

మరి రెండో డాక్టరు ఎందుకు ఆగమన్నారు? మీది లాబ్రడార్ కాబట్టి. ఎముకలు ఎంతవరకు పెరగాలి, ఎక్కడ ఆగాలి అన్నదాంట్లో అండాశయాల నుంచి వచ్చే హార్మోన్లకు పాత్ర ఉంది. పెద్ద జాతి కుక్కకు ఎదుగుదల పూర్తి కాకముందే అండాశయాలు తీసేస్తే కాళ్ల ఎముకలు ఉండాల్సినదానికంటే కాస్త పొడుగు పెరుగుతాయి. కీళ్ల మీద పడే బరువు లెక్క మారుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్ వాళ్లు 35 జాతుల కుక్కల రికార్డులు చూసి 2020లో ఇచ్చిన సూచనల్లో, ఆడ లాబ్రడార్‌కు ఏడాది దాటాక చేయమన్నారు. జర్మన్ షెపర్డ్‌కైతే రెండేళ్ల దాకా ఆగితే మంచిదన్నారు. గోల్డెన్ రిట్రీవర్ ఆడకుక్కల్లో ఆపరేషన్ తర్వాత కొన్ని క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి కాబట్టి, ఆ జాతి ఉన్నవాళ్లు డాక్టరుతో కూర్చుని మాట్లాడుకున్నాకే నిర్ణయించుకోవాలి. పామరేనియన్, షిట్జు, పగ్ లాంటి చిన్న జాతుల్లో మాత్రం ఈ కీళ్ల సమస్య దాదాపు కనిపించలేదు. వాటికి ఐదారు నెలలప్పుడు, మొదటి హీట్‌కి ముందే చేసేయమని నేను చెబుతాను. ఏ జాతికీ చెందని మన ఊరి కుక్కలకూ నేను అదే చెబుతాను.

మీ లాబ్రడార్‌ను ఒక హీట్ దాటనివ్వడం వల్ల రొమ్ము గడ్డల ముప్పు కొంచెం పెరుగుతుంది, మోకాళ్లు, తుంటి కీళ్ల ముప్పు తగ్గుతుంది. ముప్పై కిలోల కుక్క కీళ్లు పాడై లేవలేకపోతే మనుషులు ఎత్తి బయటికి మోసుకెళ్లాలి. అందుకే నేను కీళ్ల వైపు మొగ్గుతాను. ఆగినందువల్ల ఇంకో లాభం కూడా ఉంది. చిన్న వయసులో చేసిన పెద్ద జాతి ఆడకుక్కల్లో కొన్నింటికి ఏళ్లు గడిచాక నిద్రలో తెలియకుండా మూత్రం కారిపోతుంటుంది. మందులతో అదుపులో ఉంటుంది గానీ ఇల్లంతా ఇబ్బంది పడుతుంది. కాస్త ఆగి చేస్తే ఆ అవకాశం తగ్గుతుంది.

హీట్ నడుస్తుండగా ఆపరేషన్ వద్దు. అప్పుడు గర్భసంచికి రక్తం ఎక్కువగా వస్తుంది, కణజాలం మెత్తబడి దారం బిగిస్తే తెగుతుంటుంది. హీట్ అయిపోయిన వెంటనే కూడా వద్దు. కొన్నిటికి మగకుక్క దగ్గరికి రాకపోయినా చన్నులు ఉబ్బి పాలు దిగుతాయి, బొమ్మనో చెప్పునో పిల్లలా పొదువుకుని కూర్చుంటాయి. అదంతా సద్దుమణగాలి. రెండున్నర మూడు నెలలు ఆగమన్నది ఇందుకే.

ఇప్పుడు అత్తగారి మాట. దీన్ని కొట్టిపారేయకండి. ఆ జీవి మీద దయతోనే ఆవిడ అలా అంటున్నారు. కాకపోతే కుక్కకు తల్లి కావాలన్న కోరిక మనసులో దాచుకోవడం, కాలేదని కుమిలిపోవడం ఉండదు. హీట్ వచ్చినప్పుడు హార్మోన్లు ఏం చేయిస్తే అది చేస్తుంది, అవి పోతే ఆ ఊసే ఉండదు. ఒకసారి పిల్లలు పెడితే ఆరోగ్యానికి మంచిదన్నదానికీ ఆధారం లేదు. పైగా లాబ్రడార్ ఒక్కసారికి ఏడెనిమిది పిల్లల్ని పెట్టడం మామూలే. పిల్ల అడ్డం తిరిగితే సిజేరియన్. చిన్న జాతులైతే పాలిచ్చే రోజుల్లో రక్తంలో కాల్షియం పడిపోయి, వణుకుతూ ఫిట్స్‌తో అర్ధరాత్రి పరుగున తీసుకొచ్చిన కేసులెన్నో చూశాను. అన్నీ సవ్యంగా జరిగినా ఆ ఎనిమిది పిల్లలూ ఎవరి ఇళ్లకు వెళ్తాయి? అడిగి తీసుకెళ్లినవాళ్లే ఏడాది తిరిగేసరికి గొలుసు విప్పి ఊరి చివర వదిలేస్తున్నారు. అవి మన ఆస్పత్రుల ముందు గజ్జితో, విరిగిన కాళ్లతో తిరుగుతున్నాయి. ఉసురు గురించి ఆలోచించేవాళ్లు తప్పకుండా ఆలోచించాల్సింది వీటి గురించే.

అత్తగారికి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. గర్భసంచిలో చీము. దీన్ని మేము పయోమెట్రా అంటాం. నా దృష్టిలో ఆడకుక్కకు ఆపరేషన్ చేయించడానికి ఈ ఒక్క కారణమే చాలు. ఆపరేషన్లు పెద్దగా చేయించని స్వీడన్‌లో ఇన్సూరెన్స్ లెక్కలు తీస్తే, పదేళ్లు నిండేలోపు దాదాపు నాలుగో వంతు ఆడకుక్కలకు ఈ జబ్బు వచ్చిందని తేలింది. హీట్ అయిన నెలా రెండు నెలలకు మొదలవుతుంది. ప్రతి హీట్ తర్వాతా గర్భసంచి లోపలి పొర కడుపు నిలిచినట్టే మందమవుతూ వస్తుంది, ఏదో ఒకసారి అందులో సూక్ష్మక్రిములు చేరతాయి.

తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒక పెద్దాయన, వాళ్లావిడ తమ తెల్ల స్పిట్జ్‌ని తీసుకొచ్చారు. ఎనిమిదేళ్లది. వారం నుంచి గిన్నెడు గిన్నెడు నీళ్లు తాగుతోంది, రాత్రుళ్లు మంచం పక్కనే మూత్రం పోసేస్తోంది. ఎండాకాలం కదా, దాహమనుకున్నారు. తిండి మానేసి, పొట్ట ఉబ్బితే అప్పుడు వచ్చారు. బయటికి చుక్క చీము కారలేదు, గర్భసంచి ముఖద్వారం మూసుకుపోయింది. పొట్ట కోసి చూస్తే, మామూలుగా ఆ సైజు కుక్కలో పెన్సిల్‌కంటే సన్నగా ఉండే గర్భసంచి కొమ్ములు నా మణికట్టంత లావున, చీముతో నిండి, ముట్టుకుంటే పగిలేలా ఉన్నాయి. వేలితో గట్టిగా పట్టుకోవడానికి కూడా భయమే, లోపల చిట్లితే విషం పొట్టంతా పాకుతుంది. ఆ కుక్క బతికింది. కానీ కిడ్నీలు తేరుకోవడానికి రోజుల తరబడి సెలైన్లు ఎక్కించాల్సి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కుర్రకుక్కకు చేసేదీ ఇదే ఆపరేషన్. కాకపోతే అప్పుడు సాయంత్రానికి తోక ఊపుతూ ఇంటికి వెళ్తుంది. ఆపరేషన్ కాని ఆడకుక్క హీట్ అయిన నెలా రెండు నెలలకు నీళ్లు విపరీతంగా తాగుతున్నా, తిండి మానేసినా, వెనక నుంచి చెడువాసనతో ఏదైనా కారుతున్నా ఆ రోజే చూపించండి.

ఆపరేషన్ బదులు హీట్ రాకుండా ఇంజెక్షన్ వేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అది ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ తరహా మందు. ఇందాక చెప్పిన చీము జబ్బుకు, రొమ్ము గడ్డలకు, షుగరుకు అది దారి తెరుస్తుంది. అలాగే గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు వదిలేస్తే హీట్ వస్తూనే ఉంటుంది. రెండు అండాశయాలూ పూర్తిగా తీశారా అని డాక్టరును నేరుగా అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మీ వారి భయాల గురించి. లావు సంగతి నిజమే, కానీ అది మన చేతిలో ఉంది. ఆపరేషన్ తర్వాత ఒంటికి కావాల్సిన శక్తి తగ్గుతుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. అప్పటిదాకా పెట్టినదాంట్లో పావు వంతు తగ్గించండి. పెరుగన్నం కలిపేటప్పుడు అన్నం తగ్గించి కోడిగుడ్డు, మాంసం ఉంచండి. టీ తాగుతూ ఇచ్చే బిస్కెట్లు ఆపేయండి. లాబ్రడార్ ఎంత పెట్టినా ఇంకా కావాలన్నట్టే చూస్తుంది, ఆ చూపును నమ్మకండి. పక్కటెముకల మీద చెయ్యి ఆనించి నిమిరితే ఎముకలు తగలాలి. తగలకపోతే బరువెక్కినట్టే.

కాపలా తగ్గదు. గేటు దగ్గర కొత్త మనిషిని చూసి మొరగడం కుక్క సహజ గుణం, అండాశయాలతో దానికి పని లేదు. మగకుక్కల విషయంలో తగ్గేది వేరు. గోడ దూకి ఆడకుక్కల వెంట పడి రోజుల తరబడి రాకపోవడం, కనిపించిన ప్రతి స్తంభం దగ్గరా కాలెత్తడం, తోటి మగకుక్కలతో కొట్లాటలు చాలావరకు తగ్గుతాయి. భయంతో కరిచే కుక్క మాత్రం ఆపరేషన్‌తో మారదు, కొన్ని ఇంకా బెదురుతాయి కూడా. వాటికి కావాల్సింది శిక్షణ. ‘కరుస్తోంది, విత్తులు కొట్టేయండి డాక్టరుగారూ’ అని మగకుక్కను తెచ్చినవాళ్లతో ముందుగా అది ఎప్పుడు, ఎవరిని, ఎందుకు కరుస్తోందో మాట్లాడతాను.

మగకుక్కలు పెంచేవాళ్లు ఇది కూడా చదువుతారు కాబట్టి ఒక మాట. మన ప్రాంతంలో వీధికుక్కల నుంచి అంటుకునే ఒక సుఖవ్యాధి లాంటి గడ్డ ఉంది, టీవీటీ అంటాం. కలిసినప్పుడు ఆ గడ్డ కణాలే ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. అంగం దగ్గర నుంచి చుక్కలు చుక్కలుగా రక్తం కారుతుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ వాడుతూ నెలలు గడిపేస్తారు. చర్మం వెనక్కి జరిపి చూస్తే కాలీఫ్లవర్ పువ్వులాంటి ఎర్రటి గడ్డ ఉంటుంది. వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు ఎక్కిస్తే చాలావరకు పూర్తిగా నయమవుతుంది. కానీ తిరుగుళ్లు ఆగకపోతే మళ్లీ వస్తుంది. ఇంకో సంగతి, వృషణాల్లో ఒకటి కిందికి దిగకుండా పొట్టలోనే ఉండిపోయిన మగకుక్కకు అది పెద్దయ్యాక క్యాన్సర్ గడ్డగా మారే ముప్పు ఎక్కువ. దానికి ఆపరేషన్ తప్పనిసరి.

హీట్ వచ్చినప్పుడు మీ లాబ్రడార్ జాగ్రత్త. మూడు వారాల పైన కాపలా కాయాలి. రక్తం కనపడిన రోజుల్లో జాగ్రత్తగా ఉండి, రక్తం తగ్గగానే అయిపోయిందనుకుని వదిలేస్తారు. అసలు కడుపు నిలిచేది రక్తం పలచబడ్డాకే, రెండో వారంలో. డైపర్ కలయికను ఆపదు. వాకింగ్‌కి మీరే గొలుసు పట్టుకుని తీసుకెళ్లండి. ఒకవేళ మగకుక్క దొరికి రెండూ అతుక్కుపోతే కొట్టడం, నీళ్లు పోయడం, లాగడం చేయకండి. రెండింటికీ లోపల గాయాలవుతాయి. పావుగంట, అరగంటలో వాటంతటవే విడిపోతాయి. ఆ తర్వాత డాక్టరుకు ఫోన్ చేయండి.

పిల్లి సంగతికి వస్తే, ఇందులో ఆలోచించడానికేమీ లేదు. పిల్లులకు ఐదు నెలల్లోపే చేసేయడం మంచిది. మగ పిల్లికి ఇది కొద్ది నిమిషాల పని, చాలాసార్లు బయట కుట్టు కూడా ఉండదు. ఆలస్యం చేస్తే సోఫా మీద, తలుపు మీద ఘాటైన మూత్రం చిమ్మడం మొదలవుతుంది. ఒకసారి అలవాటయ్యాక ఆపరేషన్ చేసినా కొన్ని మానవు. చిన్నప్పుడే చేస్తే మూత్రనాళం సన్నబడి మూత్రం బిగుస్తుందన్న భయం చాలామందికి ఉంది. కొలిచి చూసిన పరిశోధనల్లో నాళంలో తేడా కనిపించలేదు. మూత్రం బిగుసుకోవడానికి ఎక్కువగా కారణమయ్యేవి తక్కువ నీళ్లు, ఎప్పుడూ పొడి తిండే, లావు. పిల్లి మట్టి ట్రేలో కూర్చుని ముక్కుతూ చుక్క మూత్రం పోయకపోతే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, ప్రాణాల మీదికి వస్తుంది. ఆపరేషన్ తర్వాత కూడా మగ జంతువులో కొన్ని వారాల పాటు పిల్లలు పుట్టించే శక్తి మిగిలి ఉంటుంది. ఇంట్లో ఆడ పిల్లి కూడా ఉన్నవాళ్లు అన్నాళ్లూ విడిగా ఉంచాలి. ఆడ పిల్లులైతే పిల్లలకు పాలిస్తూనే మళ్లీ చూలు కట్టేస్తాయి, వాటి విషయంలో అసలు వాయిదా వద్దు.

ఇక ఆపరేషన్ రోజు గురించి. జనం భయపడేది కత్తికి, మత్తుకు. నేను చూసినంతలో ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది ముందు చేయని పరీక్ష వల్ల, తర్వాత తీసుకోని జాగ్రత్త వల్ల.

రక్త పరీక్ష లేకుండా కుక్కను బల్ల ఎక్కించకండి. మన దగ్గర పిడుదులు ఎక్కువ. కోస్తాలో గోమార్లంటారు కొన్నిచోట్ల. అవి కుట్టి టిక్ ఫీవర్ వస్తే పైకి ఏమీ తెలియకుండానే రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ఉంటాయి. కుక్క హుషారుగా తిరుగుతుంటుంది, కోస్తే రక్తం గడ్డకట్టదు. అలాంటి రిపోర్టు వస్తే నేను ఆపరేషన్ వాయిదా వేసి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కోర్సు పూర్తి చేయించి, మళ్లీ పరీక్ష చేయించాకే చేస్తాను. ‘సెలవు పెట్టుకుని వచ్చాం సార్’ అని ఎంత బతిమాలినా చేయను. టీకాలు, నట్టల మందు కూడా కనీసం రెండు వారాల ముందే అయిపోవాలి.

పెద్ద కుక్కకు ముందు రోజు రాత్రి తిండితో ఆపేయండి. ఐదు నెలల పిల్లిని అంతసేపు ఉంచితే షుగరు పడిపోతుంది, దానికి నాలుగైదు గంటలు చాలు. పగ్ లాంటి చదును ముక్కు కుక్కలకు మత్తు నుంచి లేచేటప్పుడు ఊపిరి ఇబ్బంది వస్తుంది, అవి పూర్తిగా లేచేదాకా పక్కన మనిషి ఉండే చోటే చేయించాలి. డాక్టరును అడగాల్సినవి ఇవి: సెలైన్ దారి పెడతారా, మత్తులో ఉన్నంతసేపూ ఊపిరి, గుండె చూడటానికి ఇంకో మనిషి ఉంటారా, నొప్పికి ఏం ఇస్తారు. ఖర్చు మాట్లాడేటప్పుడు కూడా రక్త పరీక్ష, మందులు, కుట్లు విప్పడం అందులో కలిసి ఉన్నాయో లేదో అడగండి. డబ్బు ఇబ్బందైతే మీకు దగ్గర్లోనే గన్నవరం పశువైద్య కళాశాల ఉంది. తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్ కళాశాలల్లోనూ చేస్తారు.

ఇంటికి తెచ్చాక కింద దుప్పటి పరిచి పడుకోబెట్టండి. మత్తు దిగేదాకా ఒళ్లు చల్లబడుతుంది, ఫ్యానూ ఏసీ నేరుగా తగలనివ్వకండి. చీమలు రాకుండా చూసుకోండి, కదల్లేని జంతువును అవి నోటి దగ్గర, కుట్టు దగ్గర పట్టేస్తాయి. మెడకు ప్లాస్టిక్ కాలర్ కుట్లు విప్పే దాకా, అంటే పది నుంచి పధ్నాలుగు రోజులు తీయొద్దు. ‘పాపం తినలేకపోతోంది’ అని రాత్రి తీసేస్తారు, తెల్లారేసరికి కుట్లు నాకి విప్పేసుకుంటుంది. అన్నం పెట్టేటప్పుడు పక్కన కూర్చుని తీసి, తిన్నాక మళ్లీ పెట్టేయండి. గాయానికి పసుపు, వేపనూనె, కొబ్బరినూనె ఏదీ రాయకండి. తడి తగలనివ్వకండి. ఈగలు వాలితే పురుగులు పడతాయి, రోజుకు రెండుసార్లు కుట్టు చూడండి. వాపు పెరిగినా, వాసన వచ్చినా, చిగుళ్లు తెల్లగా పాలిపోయినా వెంటనే తీసుకెళ్లండి.

మనుషుల నొప్పి మాత్రలు ఇవ్వకండి. పిల్లికి పారాసెటమాల్ అర మాత్ర కూడా ప్రాణం తీస్తుంది. మూలుగుతోందని అర మాత్ర పాలలో కలిపి పట్టిన పిల్లిని ఒకసారి నా దగ్గరికి తెచ్చారు. మొహం ఉబ్బి, చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరిగి, ఊపిరి అందక నోరు తెరుచుకుని ఉంది. దాన్ని కాపాడలేకపోయాం. ఆ ఇంటివాళ్లు దాన్ని ఎంత ప్రేమగా చూసుకున్నారో నాకు తెలుసు. మాత్ర కూడా ఆ ప్రేమతోనే ఇచ్చారు. అందుకే ఈ మాట ప్రతి ఒక్కరికీ చెబుతాను. కుక్కకు కూడా ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, డాక్టరు రాసిన మందే, రాసిన మోతాదులోనే.

మీ వీధిలో మీరు అన్నం పెట్టే కుక్కలు ఉన్నాయని చివర్లో రాశారు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి ఆపరేషన్, రేబిస్ టీకా చేయించి, పట్టిన చోటే వదలాల్సిన బాధ్యత స్థానిక సంస్థది. మున్సిపాలిటీలో రాతపూర్వకంగా ఇవ్వండి. అవి మీ చేతికి అలవాటైన కుక్కలు కాబట్టి పట్టే రోజు మీరు దగ్గరుంటే వల వేసి పరుగెత్తించే పని తప్పుతుంది. చెవి కొన కత్తిరించి ఉన్న కుక్క కనిపిస్తే దానికి ఆపరేషన్ అయిపోయినట్టు, మళ్లీ పట్టనివ్వకండి.

పిల్లికి ఈ వారంలో తేదీ తీసుకోండి. కుక్క హీట్‌కి రాగానే మొదటి రక్తపు చుక్క కనిపించిన తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టండి, ఆపరేషన్ రోజు దాన్నిబట్టే లెక్కేసుకోవాలి. దాని ప్లేట్‌లెట్ల రిపోర్టు వచ్చాక అర్థం కాకపోతే ఇక్కడే పెట్టండి, చూసి చెబుతాను.